తొలి దోసెడు ఎవరికి

అనగనగా ఒక ఊరు. ఊరన్నాక రాజుండాలి కదా, అందుకని ఆ ఊరికి ఒక రాజు. ఆయన పేరు మణిధ్వజుడు. మరి ఊరి పేరేమిటని అడుగుతారేమో, తొందరపడకండి. కథంతా దాని గురించే.

ఆ ఊళ్ళో ఒక వింత ఆచారం ఉండేది. కొత్త రాజు గద్దె ఎక్కినప్పుడల్లా ఊరికి తన పేరు పెట్టుకునేవాడు. కోటగుమ్మం మీద పాతపేరు చెక్కిన రాతిపలకను దించి, బోర్లా తిప్పి, గుమ్మం ముందు మెట్టుగా పరిచేవాళ్ళు. పైన కొత్త పలక ఎక్కేది. దండోరావాడు వీధి వీధినా డప్పు కొట్టి, ఇవాళ్టి నుంచి ఊరి పేరు ఫలానా, పాతపేరు పలికిన నోట సున్నం కొడతామహో అని చాటేవాడు. మణిధ్వజుడి తండ్రి సింహధ్వజుడి కాలంలో అది సింహధ్వజపురం. మణిధ్వజుడు రాజు కాగానే మణిధ్వజపురం. అంతఃపురంలో పోలమ్మ అని ఒక ముసలి దాది ఉండేది. ఆవిడ పుట్టింది ఒక ఊళ్ళో, పెళ్ళాడింది ఒక ఊళ్ళో, తల నెరిసింది ఇంకో ఊళ్ళో. అలాగని ఏనాడూ పొలిమేర దాటి ఎరగదు.

మణిధ్వజుడికి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయధ్వజుడు, కత్తిసాములో దిట్ట. రెండోవాడు గజధ్వజుడు, గుర్రపుస్వారీలో దిట్ట. మూడోవాడు శుభధ్వజుడు, ప్రశ్నలు అడగటంలో దిట్ట. మాటలు వచ్చిన దగ్గర్నుంచీ ఎందుకు, ఎందుకు అని అందరి ప్రాణాలూ తోడేసేవాడు కాబట్టి కోటలో వాణ్ణి ఎందుకయ్య అనేవాళ్ళు. ఆ పేరే స్థిరపడిపోయింది.

ఎందుకయ్య అడిగిన ప్రశ్నలన్నిటిలోకీ వాణ్ణి వదలని ప్రశ్న ఒకటి ఉంది. ఆ ఊరి ఆడవాళ్ళు ఏట్లో నీళ్ళు ముంచుకోబోయే ముందు, తొలి దోసెడు ఇసుకలో పోసి, చప్పుడు రాకుండా పెదవులు కదిపి, ఆ తరవాతే కడవ నింపుకునేవాళ్ళు. తొలి దోసెడు ఎవరికి అవ్వా అని వాడు పోలమ్మను అడిగాడు. మా అమ్మ పోసేది, నేనూ పోస్తున్నాను నాయనా అంది పోలమ్మ. పెదవులు కదుపుతారు కదా, ఏమంటారు అని అడిగాడు. ఏమీ అనం, ఊరికే కదుపుతాం అంది. ఊరికే ఎవరైనా పెదవులు కదుపుతారా? వాడికి ఆ జవాబు పంటి కింద రాయిలా ఉండిపోయింది.

ఇలా ఉండగా ఒకనాడు రాజు నిండుకొలువులో కూర్చుని ఉంటే, పొగరంగు మెడ ఉన్న మాంత్రికుడొకడు లోపలికి వచ్చాడు. వాడి పేరు ధూమ్రకంఠుడు. దండం పెట్టలేదు, కూర్చోమంటే కూర్చోలేదు.

"రాజా, నీ ఊరి పేరేమిటి?" అని అడిగాడు.

"మణిధ్వజపురం."

"అది నీ పేరు. నేను అడిగింది ఊరి పేరు. మొట్టమొదట దీన్ని ఏమనేవాళ్ళు?"

రాజు మంత్రి వంక చూశాడు. మంత్రి పండితుల వంక చూశాడు. పండితులు తమ కాళ్ళ వంక చూసుకున్నారు. మాంత్రికుడు నవ్వి, కన్నబిడ్డ పేరు చెప్పలేనివాడు తండ్రి ఎలా అవుతాడు, పేరు తెలియని ఊరు దిక్కులేని ఊరు, దిక్కులేనిదాన్ని ఎవరు ఎత్తుకుపోయినా అడిగేవాడుండడు అన్నాడు. అని చేతికర్ర నేలకు తాటించాడు. రాజు పాదాలు రాయి అయిపోయాయి.

"ఈ రాయి మెల్లగా పైకి పాకుతుంది. ఊరి తొలిపేరు నీ నోటితో నువ్వు పలికితే దిగిపోతుంది. నోటిదాకా వచ్చిందంటే ఇంక పలికేదేముంది? ఆనాడు నీ జనమంతా నా తోటలో పనికి వస్తారు. నాకు పనివాళ్ళు చాలటం లేదు. ఆ పేరు తెలిసిన మొనగాడెవడైనా ఉంటే ఏడు సముద్రాల అవతల నా దీవికి రమ్మను" అని పొగై మాయమైపోయాడు.

రాయి పిక్కల దాకా వచ్చేసరికి పెద్దకొడుకు కత్తి కట్టుకుని బయలుదేరాడు. పోతూ పోతూ కోటలో ఒక మల్లెతీగ నాటి, ఇది వాడితే నాకు ఆపద వచ్చిందని తెలుసుకోండి అన్నాడు. పోగా పోగా ఒక పెద్ద నది అడ్డం వచ్చింది. పడవ నడిపే ముసలమ్మ, ఏ ఊరు నాయనా అని అడిగింది. మణిధ్వజపురం అన్నాడు. ఎన్నడూ వినలేదే, ఆ వైపున ఉన్నది గరుడధ్వజపురం కదా అంది. పెద్దవాడికి కోపం ముంచుకొచ్చింది. పాతపేరు పలికితే నోట సున్నం కొడతారు, మణిధ్వజపురం అనాలి అని నాలుగుసార్లు ఆవిడ చేత అనిపించాడు. ముసలమ్మ అనమన్నట్టే అని, అవతలి ఒడ్డున దింపి, మరి మాట్లాడలేదు. దారి తెలియక పెద్దవాడు అడవులు పట్టి తిరిగి, ఎలాగో ఓడ సంపాదించి దీవి చేరాడు. ఇంట్లో మల్లెతీగ వాడిపోయింది.

రాయి మోకాళ్ళ దాకా వచ్చేసరికి రెండోకొడుకు గుర్రమెక్కి బయలుదేరాడు. వాడూ ఒక మల్లెతీగ నాటాడు. అదే నది, అదే ముసలమ్మ, అదే మాట. వాడూ ఆవిడ తప్పు దిద్ది, అనమన్నది అనిపించి ముందుకుపోయాడు. రెండో మల్లెతీగా వాడిపోయింది.

రాయి నడుము దాకా వచ్చింది. ఎందుకయ్య తండ్రి కాళ్ళు పట్టుకుని చూశాడు. చిన్నప్పుడు తనను ఎక్కించుకుని ఊపిన కాళ్ళు అవి. చల్లగా, గరుగ్గా ఉన్నాయి. వాడికి ఏడుపు వచ్చింది. వెళ్ళొస్తాను నాన్నగారూ అన్నాడు. కత్తిపట్టినవాడు రాలేదు, గుర్రమెక్కినవాడు రాలేదు, నువ్వేం చేస్తావురా అన్నాడు రాజు. అడుగుతాను అన్నాడు ఎందుకయ్య.

పోలమ్మ వాడికి సొరకాయ బుర్ర నిండా ఏటినీళ్ళు పోసి ఇచ్చింది. దారిలో ఎవరి నీళ్ళు తాగినా, మన ఊరి నీళ్ళు అడుగున ఒక దోసెడు మిగుల్చుకో నాయనా, అలా మిగుల్చుకున్నవాడు తిరిగి వస్తాడు అంది. ఎందుకవ్వా అన్నాడు వాడు. ఇదుగో, మళ్ళీ మొదలెట్టావు అని ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

పోగా పోగా నది వచ్చింది. ముసలమ్మ ఏ ఊరని అడిగింది. వాడు మణిధ్వజపురం అన్నాడు. ఎన్నడూ వినలేదే అంది.

"ఎర్రకొండ కింద, ఏరు కొడవలిలా వంగిన చోట ఉంటుంది. దాన్ని మీరేమంటారవ్వా?"

"ఓ, అదా? గరుడధ్వజపురం అంటాం."

అది వాడి ముత్తాత తండ్రి పేరు! వాడికి ఒళ్ళు పులకరించింది. ఎప్పుడో మెట్టుకింద బోర్లా పడుకున్న పేరు ఇక్కడ హాయిగా తిరుగుతోంది. ఇంకా ఆ పేరే ఎందుకంటున్నారని అడిగాడు. మీ డప్పు మోత ఇంత దూరం వినపడదు నాయనా అంది ముసలమ్మ. పోయిన ఇద్దరు బాబులూ నాకు పేరు నేర్పారు, నువ్వు అడిగావు, అందుకని చెబుతున్నా, తూర్పుగా పోతే సముద్రం వస్తుంది, నేల మీద తిరిగే కబురు నీళ్ళ మీదికి ఇంకా ఆలస్యంగా పోతుంది, అక్కడ అడిగి చూడు అంది. ఎందుకయ్యకు ఒక సంగతి తట్టింది. ఊరికి ఎంత దూరం పోతే పేరు అంత పాతదన్నమాట.

సముద్రపు ఒడ్డున ఇసుకలో ఒక పెద్ద తాబేలు వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది. దాని పక్క నుంచే గుర్రపు డెక్కల జాడ ఒకటి పోయి ఉంది. ఎందుకయ్య భుజం ఆనించి, నెట్టి, నెట్టి, దాన్ని బోర్లా తిప్పాడు. తాబేలు తెప్పరిల్లి, ఏ ఊరు మనవడా అని అడిగింది. వాడు ఈసారి పేరు చెప్పలేదు. ఎర్రకొండ గురించి, కొడవలిలా వంగిన ఏరు గురించి చెప్పాడు.

"గవ్వలరేవు పిల్లాడివా! ఓడలవాళ్ళు గవ్వలు నింపుకుని, ఏటికి ఎదురు పోయి అక్కడ దింపేవాళ్ళు. కోటలూ గీటలూ ఏమీ లేవు అప్పుడు."

"అంతకుముందు ఏమనేవాళ్ళు తాతా?"

"అంతకుముందు నేను గుడ్డులో ఉన్నాను" అంది తాబేలు.

తాబేలు వాణ్ణి వీపు మీద ఎక్కించుకుంది. ఉప్పు సముద్రం దాటారు. చెరకురసం సముద్రం దాటారు, అక్కడ చేపలన్నీ బొద్దుగా ఉన్నాయి. కల్లు సముద్రం దాటారు, అక్కడ తాబేలు కాస్త వంకరగా ఈదింది. నేతి సముద్రం, పెరుగు సముద్రం, పాల సముద్రం దాటారు. ఏడోది మంచినీళ్ళ సముద్రం. సొరబుర్రలో అడుగున ఒక్క దోసెడు నీళ్ళే మిగిలాయి. ఆ పాతనీళ్ళు పారబోసి, తియ్యటి నీళ్ళు నింపుకోరాదా అంది తాబేలు. ఎందుకో తెలియదు కానీ వద్దులే తాతా అన్నాడు ఎందుకయ్య. వాడు ఎందుకో తెలియకుండా ఒక పని చెయ్యటం అదే మొదటిసారి.

దీవి చేరేసరికి తెల్లవారుతోంది. కనుచూపు మేర తోట. తోటలో రాతిబొమ్మలు. వాటిలో ఒకటి కత్తి ఎత్తిన పెద్దన్న, ఇంకోటి గుర్రం మీది చిన్నన్న. పొద చాటున దాగి చూస్తూ ఉండగా, పనివాళ్ళలో నుంచి ఒక అమ్మాయి కడవ పట్టుకుని నూతి దగ్గరికి వచ్చింది. ఆ అమ్మాయి పేరు రేల. రేల చేద పైకి లాగింది. కడవలో పోసుకోలేదు. తొలి దోసెడు తీసి నేల మీద పోసింది. పెదవులు కదిపింది.

కానీ ఈసారి పెదవుల నుంచి మాట వచ్చింది.

"చెలమకు తొలి దోసెడు" అంది రేల.

ఎందుకయ్య పొద చాటున ఉండాలన్న సంగతే మరిచిపోయి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. అమ్మాయి కడవ వదిలేసింది. వాడు భయపడవద్దని చెప్పి, చెలమ అంటే ఎవరని అడిగాడు. ఎవరూ కాదు, మా ఊరు అంది రేల. ఆమె తాతముత్తాతలు పశువులను తోలుకుని దాహంతో ఎక్కడికో పోతూ, ఎర్రకొండ కింద ఎండిపోయిన ఏట్లో చేతులతో ఇసుక తోడి చెలమ తీశారట. నీళ్ళు పడ్డాయట. తాగి, పశువులకు పెట్టి, ఇంక ఎక్కడికీ పోకుండా అక్కడే గుడిసెలు వేసుకున్నారట. ప్రాణం నిలిపిన గుంట పేరే ఊరికి పెట్టుకుని, నీళ్ళు ముంచిన ప్రతిసారీ తొలి దోసెడు దానికి తిరిగి ఇచ్చేవాళ్ళట. ఒకనాడు మాంత్రికుడొకడు వచ్చి కొన్ని ఇళ్ళవాళ్ళను, వాళ్ళు పెంచుకునే చిలకను ఎత్తుకొచ్చేశాడట. "ఆ ఊరు ఇంకా ఉందో లేదో" అంది రేల.

"ఉంది. నేను అక్కడి నుంచే వచ్చాను" అన్నాడు ఎందుకయ్య. అది విని రేల నూతి గట్టు మీద కూలబడి, ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేసింది.

మరి ఈ పేరు మాంత్రికుడికి వినపడలేదా అని అడిగాడు ఎందుకయ్య. ఆయన నూతి దగ్గరికి ఎన్నడూ రాడు, తోడిపెట్టటానికి మేం ఉన్నాం కదా అంది రేల. లోకంలో ఎక్కడా ఆ పేరు మిగలకూడదని చూసినవాడు, తన దొడ్లో రోజూ పొద్దున్నే అది మోగుతుంటే వినలేదు. దీపం కిందే చీకటి అంటారు చూశారా, అది ఇదే.

రేల ఇంకో సంగతి చెప్పింది. తోట నడుమ తాటిచెట్టుకు పంజరం వేలాడుతోంది. దానికి తలుపు లేదు. అందులో ఆ చిలకే ఉంది. మాంత్రికుడు రోజూ సాయంత్రం పోయి, నీ ఊరేదే చిలకా అని అడుగుతాడు. అది పలకదు. వాడు నవ్వుకుని వెళ్ళిపోతాడు. ఈ మధ్య ఇద్దరు రాజకుమారులు వచ్చి మణిధ్వజపురం, మణిధ్వజపురం అని దాని ముందు అరిచి రాళ్ళయిపోయారు.

పేరు దొరికింది. తాబేలెక్కి ఇంటికి పారిపోవచ్చు. తండ్రి మెడ దాకా రాయి వచ్చిందో ఏమో. కానీ అన్నలు ఇక్కడ ఉన్నారు, ఇంతమంది తన ఊరివాళ్ళు ఇక్కడ ఉన్నారు. ఎందుకయ్య రేలను వెంటబెట్టుకుని పోయి, తాటిచెట్టు ఎక్కి పంజరం దించాడు. చిలక చెవి దగ్గర నోరు పెట్టి, చెలమ అన్నాడు. పంజరం కడ్డీలు గడ్డిపరకల్లా రాలిపోయాయి. చిలక వాడి చేతి మీదికి ఎక్కి కూర్చుంది.

"ఎన్నాళ్ళకు విన్నాను నాయనా ఆ మాట! వాడి ప్రాణం పూసలా నా గొంతులో అడ్డం పడి ఉంది. పరాయినీళ్ళు ఎన్ని తాగినా బయటికి రాదు. మన ఏటినీళ్ళు కావాలి" అంది.

ఎందుకయ్య సొరబుర్ర తీసేలోపే పొగ సుడి తిరుగుతూ ధూమ్రకంఠుడు వచ్చేశాడు. ఎందుకయ్య చిలకను వీపు వెనక దాచి, బుర్రను వెనకనున్న రేలకు అందించాడు. మాంత్రికుడు కర్ర ఎత్తి మళ్ళీ దించాడు. చిలకకు దెబ్బ తగిలితే తనకు తగిలినట్టే కదా. గొంతులో తేనె కలుపుకుని, బాబూ, దాన్ని నలిపేయకు, ఏం కావాలో కోరుకో, ఊరికి నీ పేరు పెట్టిస్తాను, వెయ్యేళ్ళు ఎవరూ మార్చకుండా చూసే పూచీ నాది అన్నాడు.

"నాకు ఒక్క సందేహం ఉంది. అది తీరిస్తే ఆలోచిస్తాను. రాజులు ఊరి పేరు మార్చటం ఎందుకు మొదలుపెట్టారు?" అన్నాడు ఎందుకయ్య.

తెలివైన పని చేసినవాడికి దాన్ని నలుగురికీ చెప్పుకోకపోతే నిద్రపట్టదు. మాంత్రికుడు మీసం దువ్వుకున్నాడు. అదంతా నా పనే అన్నాడు. బైరాగి వేషం వేసుకుపోయి, ఊరికి నీ పేరు పెట్టుకో, చచ్చినా బతికుంటావు అని మొదటి రాజు చెవిలో ఊదాడట. రెండోవాడికి ఊదే పని కూడా లేకపోయిందట. తండ్రి పెట్టుకున్నాడు, నేను తక్కువా అని వాడే పెట్టుకున్నాడట. అలా పేరు మీద పేరు కప్పుకుంటూ పోయి, అడుగున ఉన్నదాన్ని వాళ్ళే పూడ్చేశారట.

వెనక రేల సొరబుర్ర వంచింది. ఉన్నది ఒక్క దోసెడే. తొలి దోసెడు నేలకు పోయాలా, చిలకకు పోయాలా అని ఒక్క క్షణం ఆమె చెయ్యి ఆగింది. ఈ చిలకా చెలమదే కదా అనుకుని ఎందుకయ్య అరచేతిలో పోసింది. చిలక ముక్కు ముంచింది.

"ఆ పేరు ఇంక ఎక్కడా లేదంటావా?" అని అడిగాడు ఎందుకయ్య.

"ఎక్కడా లేదు. అది తెలిసిన ముసలివాళ్ళందరూ పోయిందాకా ఆగి మరీ వచ్చాను."

"నీ నూతి దగ్గర ఉంది" అన్నాడు ఎందుకయ్య.

మాంత్రికుడు నూతి వైపు తిరిగాడు. అప్పుడే చిలక గుటక వేసి, దగ్గి, నల్లపూస ఒకటి కక్కింది. అది తడి ఇసుకలో పడి ఉప్పురాయిలా కరిగిపోయింది. ధూమ్రకంఠుడు నోరు తెరిచాడు కానీ మాట రాలేదు. మెడ పొగైంది, ఒళ్ళు పొగైంది, గాలి ఆ పొగను సముద్రం మీదికి తోసేసింది.

తోటలో రాతిబొమ్మలన్నీ ఒళ్ళు విరుచుకుని లేచాయి. పెద్దన్న కత్తి దించాడు. చిన్నన్న గుర్రం సకిలించింది. తమ్ముడు సంగతంతా చెబితే ఇద్దరూ సిగ్గుపడ్డారు. ఆ ముసలమ్మ పడవలోనే మనకు సగం దారి ఉందన్నమాట, మనమే నోరు మూయించాం అన్నాడు పెద్దవాడు.

మాంత్రికుడి ఓడల్లో దీవి జనమంతా ఎక్కారు. తాబేలు ముందు దారి తీసింది. మాంత్రికుడు పోయినా, తొలిపేరు పలికితేనే దిగుతానన్న రాయి మాత్రం ఆగలేదు, ఊరు చేరేసరికి రాజు గడ్డాన్ని తాకుతోంది. కొడుకులను చూసి ఆయన కళ్ళవెంట నీళ్ళు కారాయి. ఎందుకయ్య పేరు చెవిలో చెప్పాడు. మీ నోటితో అనండి నాన్నగారూ అన్నాడు. రాజు అనలేదు. పాతపేరు పలికిన నోట సున్నం కొట్టించింది ఆయనే. పైగా అది ఒక నీటిగుంట పేరాయె.

"మరి నా పేరు?" అన్నాడు రాజు మెల్లగా.

"మీ పేరు ఎక్కడికీ పోదు. కానీ మీరు పోతే నాకు నాన్న ఉండరు" అన్నాడు ఎందుకయ్య.

రేల ఏటికి పోయి దోసిట్లో నీళ్ళు తెచ్చి రాజు రాతిపాదాల మీద పోసింది. రాజు కొడుకును చూశాడు. రాయి కింది పెదవిని పట్టుకోబోతోంది.

"చెలమ" అన్నాడు.

రాయి పెచ్చులు పెచ్చులుగా ఊడి రాలింది. రాజు ఒక అడుగు ముందుకు వేసి కొడుకు మీద పడ్డాడు. కొలువులో ఒక మూల నిలబడ్డ పోలమ్మ మాత్రం రాజును చూడటం లేదు. ఆవిడ పెదవులు కదులుతున్నాయి. ఎప్పుడూ కదిలినట్టే కదులుతున్నాయి. కానీ ఇప్పుడు వాటికి మాట దొరికింది. ఇన్నేళ్ళూ నా నోట్లో తిరిగింది ఇదా తల్లీ అని ముసలావిడ చిన్నపిల్లలా ఏడ్చింది.

తరవాత ఏముంది? ఎందుకయ్యకూ రేలకూ పెళ్ళి. దీవివాళ్ళూ ఊరివాళ్ళూ వియ్యాలవారై ఎదురెదురుగా కూర్చుని బూరెలు తిన్నారు. గద్దె మాకు వద్దు, దారి అడగటం తెలిసినవాడే ఎక్కాలి అని అన్నలిద్దరూ తమ్ముడినే రాజును చేశారు. పట్టాభిషేకం నాడు జనం గుమ్మం ముందు గుమిగూడారు. ఈయన ఏం పేరు పెడతాడో, ఎందుకయ్యపురం అంటాడేమోనని గుసగుసలు. డప్పువాడు కర్రలు ఎత్తి సిద్ధంగా ఉన్నాడు.

కొత్త రాజు పలుగు తెప్పించి, గుమ్మం ముందున్న మెట్లన్నీ పెకలించాడు. బోర్లా పడి ఉన్న పేర్లన్నీ వెల్లకిలా తిరిగి వెలుగు చూశాయి. సింహధ్వజపురం, గరుడధ్వజపురం, ఎవరికీ గుర్తులేని ఇంకెన్నో పేర్లు. వాటిని ఊళ్ళోకి వచ్చే దారి పొడవునా వరసగా నిలబెట్టించాడు. గవ్వలరేవుకు పలక లేదు కాబట్టి ఒక గవ్వల కుప్ప పోయించాడు. మణిధ్వజపురం పలక కూడా ఆ వరసలోనే నిలిచింది. దాని పక్కన పాతరాజు సాయంత్రాలు కూర్చుని, వచ్చేపోయేవాళ్ళకు అదెవరి పేరో చెప్పుకునేవాడు. అన్నిటికీ చివర, ఏటి ఇసుకలో, రాజూ రాణీ తమ చేతులతో చెలమ తీశారు. దాని పక్కన ఏ పలకా పెట్టలేదు.

దండోరా మాత్రం ఒకటే వేయించాడు. ఎవరు ఏ పేరుతో పిలిచినా మన ఊరు పలుకుతుందహో, ఎవరి నోటా సున్నం కొట్టమహో అని.

ఎందుకయ్య చాలాకాలం రాజ్యం ఏలాడు, మనవళ్ళు తనను ఎందుకు, ఎందుకు అని వేధించేదాకా. ఈ కథ కంచికి పోతూ ఆ ఊరి మీదుగానే పోయింది. గుమ్మం దగ్గర కావలివాడు ఆపాడట. కత్తి ఉందా అని అడగలేదు, ఏ కులమని అడగలేదు, ఎవరి తాలూకని అడగలేదు. చెలమలో దోసెడు నీళ్ళు ముంచి చేతిలో పోసి, "మా ఊరిని మీవైపు ఏమంటారు?" అని అడిగాడట.